వెనక నుంచి చింపిన పుస్తకం

ఆ గోదాములో టీవీని ఇనుప జాలీలో పెట్టి గోడకు ఎత్తుగా బిగించారు. రిమోట్ సూపర్‌వైజర్ సారు జేబులో ఉండేది. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. వార్తలు పెడితే మేం మాట్లాడుకుంటామని, మాట్లాడుకుంటే లొల్లి అవుతుందని ఆయన భయం. అందుకే పొద్దస్తమానం కామెడీ ముక్కలు, డాన్సు పోటీలే. నవ్వు నాలుగు విధాల చేటని పెద్దలన్నారు గానీ, మాకది డ్యూటీలో భాగం; నవ్వకుంటే సారు కన్ను పడేది. ఆ టీవీని చూస్తే నాకు ఒళ్లు మండేది.

శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు వచ్చే సరుకును విప్పి మళ్లీ డబ్బాల్లో సర్దడం మా పని. మా ఊరు తొండుపల్లిలో కంపెనీ బస్సెక్కితే గేటు లోపలే దిగాలి, సాయంత్రం గేటు లోపలే ఎక్కాలి. అచ్చుకాగితం ఏదీ లోపలికి రాకూడదు. మొదటి రోజే నా సంచిలోని నవల లాక్కున్నారు. "చదివే చేతులు పని చేయవమ్మా" అన్నారు సారు. ఇంటికి పోతే అక్కడా అంతే. ఎయిర్‌పోర్టు కింద చేను పోయాక బాపు గోడంత టీవీ కొన్నాడు, నా పుస్తకాలు పాత సామాన్ల వాడికి వేశాడు. ఊరి చుట్టూ ప్లాట్ల ఆఫీసులు, లాడ్జీలు లేచాయి గానీ పుస్తకాల కొట్టు ఒక్కటీ లేదు.

టీ వేళకు గేటు బయటికి బజ్జీల బండి వచ్చేది. బండి అక్క కడ్డీల సందులోంచి పొట్లాలు అందించేది. ఒకరోజు తింటూ తింటూ చూస్తే, పొట్లం ఏదో నవలలోని కాగితం. అత్తింట్లో ఏళ్ల తరబడి గడప దాటనివ్వని ఒకామె, చేతిలో పెట్టెతో రోడ్డు మీద బస్సు కోసం నిలబడి ఉంది. మంఖాల్ ఊరి నుంచి వచ్చి నా పక్కన కూర్చునే అక్కకు చదువు రాదు. ఆమె చెవిలో చదివాను.

"ఎక్కిందా బస్సు?" అంది అక్క ఆత్రంగా.

ఆమెకూ అత్తింట్లో దెబ్బలు తప్పేవి కావు. తల్లిగారింటికి పోతానని రోజూ అనేది, రోజూ మా కంపెనీ బస్సే ఎక్కేది.

రేపు తెలుస్తుందిలే అన్నాను. మర్నాటి పొట్లంలో ఆ మనిషి ఇంకా వాకిట్లోనే ఉంది. ఆ తర్వాతి రోజు గదిలో పెట్టె సర్దుకుంటోంది. బండి అక్క పుస్తకాన్ని వెనక నుంచి చింపుతోందని అప్పుడు అర్థమైంది. బస్సు సంగతి చెప్పే కాగితం ముందే ఎవరి పొట్లానికో పోయింది.

"ముందటికెల్లి చింపరాదే అక్కా" అని కడ్డీల దగ్గర బతిమాలాను.

"ముందటి అట్ట ఊడితే కాయితాలన్ని గాలికి లేస్తయి బిడ్డా. ఎనకకెల్లి చింపితేనే కట్ట నిలుస్తది."

మిగిలిన పుస్తకమంతా ఇమ్మంటే కాపలా మనిషి కసిరాడు.

ఇక రోజుకింత లోపలికి పోయిందామె. వాకిలి నుంచి గదికి, గది నుంచి వంటింటికి. చదువుతుంటే నాకే ఊపిరాడేది కాదు. అయినా మానలేకపోయాం.

ఒక సాయంత్రం టీవీలో ఎవరో జారిపడ్డారు. హాలంతా గొల్లుమంది. మేమిద్దరం నవ్వడం మరిచిపోయాం. సారు నేరుగా మా దగ్గరికొచ్చి, నూనె కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఏంటమ్మా ఇది?"

"బజ్జీల కాయితం సారూ" అంది అక్క.

మర్నాటి నుంచి బజ్జీలు ప్లాస్టిక్ కవర్లో వచ్చాయి. మాకు దొరికిన చివరి కాగితంలో ఆమె వంటింట్లో ఉంది, తలుపుకు బయట గొళ్లెం పడింది. నాకు ఏడుపొచ్చింది.

"ఇగ గాడనే ఉంటదా?" అని అడిగింది అక్క. మళ్లీ తనే అంది: "ఎందుకుంటది? రోడ్డు మీదికొచ్చింది గదా. మనం సదివినం గదా."

కొన్నాళ్లకు ఒక పొద్దున, బస్సు అక్క ఎక్కే చోట ఆగింది. ఆమె రోడ్డుకు అవతలి వైపు సంచితో నిలబడి ఉంది. డ్రైవరు హారన్ కొట్టాడు. అక్క నన్ను చూసి చెయ్యి ఊపింది గానీ ఇటు రాలేదు. ఆమెకు బస్సు దొరికిందో లేదో చూసేలోపే మా బస్సు కదిలింది.

ఆ సాయంత్రం టీవీలో మళ్లీ ఎవరో జారిపడ్డారు. నా పక్క కుర్చీ ఖాళీగా ఉంది. సారు నా వైపే చూస్తున్నారు. నవ్వాను.