మందారమ్మ డబ్బాలో తెల్ల పొట్లం

మా పెద్దమ్మని వీధిలో అందరూ మందారమ్మ అంటారు. ఆ పేరు వినగానే ఆవిడ మొహం వెలిగిపోతుంది. నాకు ఒళ్ళు మండుతుంది.

ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. ఊరందరి మాటలూ ఆవిడ చేతిమీదుగానే పోయేవి. రిటైరయ్యాక వినడానికి ఎవరి మాటలూ లేక, తన మాటలే అందరి చేతా వినిపించడం మొదలుపెట్టింది. మధ్యలో ఎవరైనా నోరు తెరిస్తే అరచెయ్యి ఎత్తి "లైన్లో ఉండు" అంటుంది. ఉంటారు కూడా, వెర్రిమొహాలు!

మందారాల పిచ్చి అప్పుడే పట్టింది. పొద్దున్నే గోడలమీంచి వంగి వీధి వీధంతా పూలు కోసుకొస్తుంది. తొడిమలు, మధ్యలో కాడ తీసేసి, రేకులు మేడమీద పాత దుప్పటి పరిచి నీడలో ఎండబెడుతుంది. ఎండలో పెడితే రంగు పోతుందిట. నాలుగు రోజులకి గలగలమనే రేకులు డబ్బాల్లోకెక్కుతాయి. కొన్ని టీకి, కొన్ని దంచి మొహానికి, కొన్ని కొబ్బరినూనెలో కాచి తలకి. సాయంత్రం నాలుగింటికి మేడమీద ఆడవాళ్ళ కొలువు. మరిగే నీళ్ళలో రేకులు వేస్తే ఊదారంగు దిగుతుంది. అప్పుడు నిమ్మకాయ పిండుతుంది. నీళ్ళు ఎర్రబడతాయి. "అబ్బో!" అంటారు అందరూ, రోజూ చూస్తున్నదే అయినా.

"నా జుట్టు చూడండి. అరవై ఆరు నాకు. ఒక్క తెల్ల వెంట్రుక చూపించండి" అంటుంది పెద్దమ్మ.

చూపించలేరు పాపం. ఆ నలుపు మా మందుల షాపులో రెండో అరలో దొరుకుతుంది. నెలకోసారి మధ్యాహ్నం జనం లేనప్పుడు వచ్చి, పేపర్లో చుట్టించుకుని మరీ పట్టుకెళ్తుంది. కౌంటర్లో ఉన్నదాన్ని, కస్టమర్ గుట్టు బయటపెట్టకూడదు. అందుకని ఇన్నేళ్ళూ నోరు మూసుకున్నాను. ఓసారి నా మొహానికీ ఆ పొడి పెరుగులో కలిపి పులిమింది. మెరుపు సంగతి దేవుడెరుగు, దిండు గలీబు మరకలు ఇవాళ్టికీ వదల్లేదు.

జుట్టుతో, మొహంతో ఆగితే నవ్వుకుని ఊరుకునేదాన్ని. మా అమ్మదాకా వచ్చింది.

అమ్మకి అక్క మాటంటే మాటే. చిన్నప్పుడు అక్క జడ కత్తిరించుకుంటే తనూ కత్తిరించుకుంది. అక్క కళ్ళజోడు మారిస్తే తన కళ్ళకీ మసకలొచ్చాయి. నేను చదువుకుని, రోజూ వందమందికి మందులిచ్చేదాన్ని, నా మాట మాత్రం అమ్మకి గాలికబురు.

మొన్నీమధ్య బట్టలారేస్తూ అమ్మ తీగ పట్టుకుని అలాగే కూలబడింది. మిషన్ పెట్టి చూస్తే బీపీ నూట ఎనభై. అలమర తెరిచి చూద్దును కదా, రెండు నెలల కిందట నేనిచ్చిన మాత్రలు ఇచ్చినవి ఇచ్చినట్టే ఉన్నాయి.

"ఏంటమ్మా ఇది?"

"అక్క టీ తాగుతున్నాగా. మళ్ళీ ఆ మాత్రలెందుకు దండగ?"

"ఆవిడ మానెయ్యమందా?"

"మానెయ్యమనలేదు. తను వేసుకోదుగా! రాయిలా ఉంది చూడు."

బతిమాలాను, అరిచాను, ఏడ్చాను. ఊహూఁ. పక్షవాతం వచ్చి మంచానపడితే ఎవరు చేస్తారే తల్లీ అంటే, "అక్క ఉందిగా" అంది. ఇంక మా ఇంట్లో మందారం అన్నది కనబడకూడదని పెద్దమ్మ ఇచ్చిన డబ్బా ఎత్తి చెత్తబుట్టలో బోర్లించాను. రేకుల్లోంచి చిన్న తెల్ల పొట్లం ఒకటి జారిపడింది.

చెమ్మ తగలకుండా వేసే పొట్లం. చెప్పుల పెట్టెల్లో వచ్చేది పెద్దది, నలుచదరంగా ఉంటుంది. ఇది వేలెడంత, నీలం అక్షరాలు. నేను రోజూ చూసేదే. మా కొట్లో ఒక్క మందుసీసాలోనే వస్తుంది. ముప్ఫై మాత్రల సీసా, బీపీది. అమ్మకి ఇచ్చేవి అట్టమాత్రలు. మరి ఈ సీసా ఎవరిది?

చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పెద్దమ్మ ఇంటికి పరిగెత్తాను. ఆవిడ వంటింట్లో అరమీద వరసగా ఉన్న డబ్బాలన్నీ తీసి మూతలు లాగాను. డబ్బాకొక పొట్లం!

"ఏంటే ఆ దూకుడు, లైన్లో..."

"లైనూ లేదు, గీనూ లేదు. ఈ పొట్లాలు ఎక్కడివి పెద్దమ్మా?"

ఆవిడ మొహంలో నెత్తురుచుక్క లేదు. వెళ్ళి తలుపు గడియ పెట్టింది. "ఎవరికైనా చెప్పావా?" అంది.

ఏమైంది, ఎందుకలా పరిగెత్తుకొచ్చావని కాదు. ఎవరికైనా చెప్పావా అని! ఆ క్షణంలో ఆవిణ్ణి చూస్తే అసహ్యమేసింది.

"బాత్రూంలో పడ్డానే, ఆరునెలలైంది" అంది చివరికి. "బీపీ చూసి డాక్టరు చెడామడా తిట్టాడు. అప్పట్నుంచీ వేసుకుంటున్నా. నీ షాపులో కొంటే మీ అమ్మకి తెలుస్తుందని బస్టాండు దగ్గర తెచ్చుకుంటున్నా."

"మరి అమ్మకి చెప్పాలా వద్దా?"

"మొదట్లో చెప్పలేకపోయాను. తర్వాత అందరూ నా టీ, నా టీ అంటుంటే మరీ చెప్పలేకపోయాను. అయినా మాత్రలు మానమని నేను దానికి చెప్పానా?"

"వేసుకోమనీ చెప్పలేదుగా! నీ డాంబికానికి మా అమ్మ ప్రాణం కావాలా? ఇవాళ బీపీ నూట ఎనభై. బట్టలారేస్తూ కూలబడింది. ఇన్నాళ్ళూ మా చెవుల్లో పువ్వులు పెట్టింది చాలు. అమ్మ ముందు నువ్వు మాత్ర మింగాలి. ఇవాళే."

నూట ఎనభై అనగానే ఆవిడ గోడ పట్టుకుంది. "పడిందా? దెబ్బ తగిలిందా?" అని అప్పుడడిగింది. తర్వాత చెంగుతో కళ్ళు తుడుచుకుని, "నాలుగింటికి దాన్ని మేడమీదకి తీసుకురా" అంది.

నాలుగింటికి అందరూ ఉన్నారు. అమ్మ, టైలరమ్మ, పాలకేంద్రం ఆవిడ, మూలింటి టీచరుగారు. పెద్దమ్మ సీసా తెచ్చి అందరికీ కనబడేలా మధ్యలో పెట్టింది. ఇప్పుడు ఒప్పుకుంటుంది, పరువు పోతుంది, తిక్క కుదురుతుంది అని నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆవిడ మాత్ర తీసి, నోట్లో వేసుకుని, గ్లాసుడు మంచినీళ్ళు తాగింది.

"అక్కా! నువ్వు మాత్ర వేసుకోవడమేంటి?" అంది అమ్మ.

పెద్దమ్మ అరచెయ్యి ఎత్తింది. "లైన్లో ఉండు. ఇది మీకు చెప్పడం మర్చిపోయాను. పొద్దున్నే ముందు డాక్టరిచ్చిన మాత్ర. సాయంత్రం టీ. ఆ మాత్ర లేకపోతే నా టీ పనిచెయ్యదు. ఎవరి మాత్ర వాళ్ళదే, ఒక్కరోజు కూడా మానకూడదు."

సిగ్గూ శరం లేని మనిషి! పొద్దున్నే అంటూ సాయంత్రం మింగింది, అదైనా ఒక్కరు అడగరే! అందరూ బుద్ధిగా తలలూపారు.

మర్నాడు షాపు తియ్యగానే టైలరమ్మ, వెనకాలే పాలకేంద్రం ఆవిడ. ఇద్దరి చేతుల్లోనూ నలిగిపోయిన పాత చీటీలు. "మందార టీకి ముందు వేసుకునే మాత్రలు ఇవ్వమ్మా" అన్నారు. వీళ్ళూ మానేశారని నాకు అప్పటిదాకా తెలియదు. చీటీలు పుచ్చుకుని ఎవరి మాత్రలు వాళ్ళకి లెక్కపెట్టి ఇచ్చాను.

మూడు వారాలు తిరిగేసరికి అమ్మ బీపీ నూట ముప్ఫై ఆరుకి దిగింది. అమ్మ మిషన్ వైపు చూసి, నా వైపు చూసి, "ఇప్పుడేమంటావ్? అంతా అక్క టీ మహిమ" అంది.

నోటిదాకా వచ్చింది. పొట్లాల సంగతి, సీసా సంగతి, రెండో అరలోని జుట్టురంగు సంగతి, అన్నీ. పక్కనే బల్లమీద అమ్మ ఆ పొద్దున మింగిన మాత్ర తాలూకు ఖాళీ అట్ట ఉంది.

"అవునమ్మా" అన్నాను. "అంతా టీ మహిమే."