జానెడు గోడ

ఢిల్లీలో నా ఉద్యోగం పేరు సమన్వయం. అంటే నీళ్ళ శాఖ వాళ్ళనీ, మరుగుదొడ్లు కట్టించే వాళ్ళనీ ఒక గదిలో కూర్చోబెట్టి, టీ ఇప్పించి, ఎవరి దారిన వాళ్ళని పంపించడం.

ఆర్.కె. పురంలో మా క్వార్టరుకి వంటకొచ్చే దీదీ పక్క బస్తీలో ఉండేది. తెల్లారుతూనే వచ్చి, ముందు మా బాత్రూంకి వెళ్ళి, ఆ తర్వాత టీ పెట్టేది. బస్తీలో మరుగుదొడ్లు కట్టి చాలాకాలమే అయింది. నీళ్ళు రాలేదని తాళం వేశారు. తాళం మటుకు బాగా పనిచేస్తోంది.

ఇంతలో నాకు పెద్ద క్వార్టరు వచ్చింది, ఊరికి ఆ చివర. మా ఆవిడ సంతోషించింది. దీదీ గిన్నె తోముతూ ఆగిపోయింది.

"మీరెళ్ళిపోతే పొద్దున్నే నేనెక్కడికి పోవాలి సాబ్?" అంది హిందీలో.

"ఏమండీ, అవన్నీ మీ ఆఫీసేగా చూసేది?" అంది మా ఆవిడ.

"అవును. చూస్తోంది."

"చూస్తూనే ఉంది పాపం."

మర్నాడే మీటింగు పెట్టాను. "మా పైపు గోడదాకా తెచ్చాం సార్," అన్నాడు నీళ్ళ శాఖ ఇంజినీరు. "లోపలి పైపు మేమూ గోడదాకా తెచ్చాం," అన్నాడు మరుగుదొడ్ల ఇంజినీరు. ఇద్దరూ నిజమే చెప్పారు. మధ్యలో జానెడు మందాన గోడ ఉంది. దానికి కన్నం పెట్టడం ఇద్దరి పనీ కాదు. పురోగతి సంతృప్తికరంగా ఉందని రాసుకుని లేచాం.

ఇంటికొచ్చి ఇదంతా చెప్పాను. దీదీ పిండి కలుపుతూ వింది.

"మీటింగులో టీ ఇస్తారా సాబ్?"

"ఇస్తారు."

"అక్కడ బాత్రూం ఉంటుందా?"

"ఆఫీసన్నాక ఉండదా?"

"నీళ్ళు?"

"వస్తాయి."

"అచ్ఛా. అయితే ఈసారి మీటింగు మా బస్తీలో పెట్టండి. టీ నేను పెడతా."

దానికి క్షేత్ర పరిశీలన అని పేరు పెట్టాను. చలికాలం. ఇంజినీర్లిద్దరూ గోడకి చెరోపక్కా నిలబడి బాధ్యతల గురించి వాదించుకున్నారు. దీదీ "ఇంకొక్క కప్పు, భయ్యా" అంటూ పోస్తూనే ఉంది. వద్దన్నవాళ్ళకి అల్లం ఎక్కువ వేసి పోసింది.

కాసేపటికి నీళ్ళ శాఖాయన నా పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "సార్, ఇక్కడ దగ్గర్లో ఎక్కడైనా..."

నేను మరుగుదొడ్ల వైపు చూపించాను. ఆయన తాళం వైపు చూశాడు. రెండో ఆయన అప్పటికే అటే చూస్తున్నాడు.

సాయంత్రానికి గోడకి కన్నం పడింది. ఎవరు పెట్టారన్నది ఇప్పటికీ ఏ శాఖా ఒప్పుకోదు.

మేం సామాన్లు కట్టుకుంటున్న రోజుల్లో ఒక పొద్దున దీదీ కాస్త ఆలస్యంగా వచ్చింది. చెప్పులు విప్పి, తిన్నగా వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టింది.