రెండు రింగులు

మ్యూరియల్ పుట్టింట్లో ఫోను మాట్లాడుకోవడానికి కాదు. మాట్లాడితే ఖర్చు. తండ్రి ఈనస్ రైల్వే సిగ్నల్ క్యాబిన్‌లో పనిచేసి, పక్క క్యాబిన్ వాళ్ళతో గంటలు కొట్టి కబుర్లందించుకుంటూ బతికిన మనిషి. కూతురికి పెళ్ళయ్యాక ఆ పద్ధతే ఇంటికీ తెచ్చాడు. రెండు రింగులిచ్చి పెట్టేస్తే క్షేమం. ఆగకుండా మోగితే బయల్దేరి రమ్మని. ఇన్నేళ్ళలో అలా మోగింది ఒక్కసారే, తల్లి పోయిన రోజు.

మ్యూరియల్ భర్త డెరిక్ బడిపంతులుగా మొదలై పార్లమెంటు మెంబరయ్యాడు. ఆ మే నెల ఎన్నికల్లో వాళ్ళ పార్టీ గెలిచింది. ఓట్లు రాత్రికి రాత్రే లెక్కపెట్టేస్తారు కనక, పోలింగ్ మర్నాడు పదవి ఆశించే వాడెవడూ ఇల్లు కదలడు. ప్రధాని దగ్గర్నుంచి ఫోను రావాలి. లైను దొరక్కపోతే పదవి పక్కవాడికి పోతుందని వాళ్ళందరికీ గట్టి నమ్మకం, భయం కూడా.

ఈనస్ అప్పటికి ఛాతీనొప్పితో కొండకవతలి ఆసుపత్రిలో ఉన్నాడు. పరీక్షలకేనన్నారు. పోలింగ్ రోజు ఓటేసి అటునుంచి అటే మ్యూరియల్ చూడటానికి వెళ్ళింది.

"రేపు రాకు అమ్మడూ, మీ ఆయన పక్కనుండు. నేను రెండు కొడతాలే."

"రెండే నాన్నా. మూడోది మోగిందంటే డెరిక్ గుండె ఆగిపోతుంది."

"అతను మంత్రయితే రైళ్ళు టైముకొస్తాయా?"

"నువ్వు రిటైరయ్యాకే కదా పాడయ్యాయి!"

ముసలాయన దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

మర్నాడు డెరిక్ పొద్దున్నే హాల్లో ఫోను పక్కన స్టూలేసుకు కూర్చున్నాడు. మొదటి ఫోను మాంసం కొట్టువాడిది. అభినందించి, ఆదివారానికి గొర్రె తొడ పంపమంటారా అని అడిగాడు. "తొడా వద్దు, మెడా వద్దు, పెట్టేయవయ్యా!" అని డెరిక్ అరిచాడు.

"ఆ తొడ నేనే చెప్పాను," అంది మ్యూరియల్ వంటింట్లోంచి.

"బతికుంటే బీన్స్ తిందాం. లైనొదులు!"

కాసేపటికి మళ్ళీ మోగింది. సగం రింగుకే లాక్కున్నాడు. చెవిలో కీచుకీచుమంది. నాణేల ఫోన్లోంచి ఎవరైనా చేస్తే, వాళ్ళని నాణెం వెయ్యమనే చప్పుడది.

"డబ్బా ఫోను! ప్రధాని డబ్బా ఫోన్లోంచి చేస్తారా?" అంటూ ఠపీమని పెట్టేశాడు.

మ్యూరియల్ తడిచేతులతో గుమ్మంలోకొచ్చింది. "నాన్నేమో."

"అయితే క్షేమమేగా."

"ఎన్ని మోగేదో తెలియనిచ్చావా నువ్వు? ఉండు, ఆసుపత్రికి చేస్తాను."

రిసీవరు మీద చెయ్యి వేసింది. వేసీ వెయ్యగానే ఆమె చేతికిందే ఫోను మోగింది. ఈసారి ప్రధాని కార్యాలయం. డెరిక్ లేచి నిటారుగా నిలబడి, "చిత్తం, తప్పకుండా" అంటూ చాలాసేపు మాట్లాడి, పెట్టేసి, పెళ్ళాన్ని అమాంతం ఎత్తి తిప్పాడు. ఆమె కూడా నవ్వింది. నిజంగానే సంతోషించింది. ఆ తర్వాత ఫొటోల వాళ్ళు, ఇరుగుపొరుగు, గ్లాసులు, కౌగిలింతలు. ఆసుపత్రి సంగతి గుర్తొచ్చి ఫోన్ చేసేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. అప్పటికే ఈనస్ లేడు.

నర్సు ఐరిష్ పిల్ల. ఏడుపు ఆపుకుంటూ చెప్పింది.

"వార్డులో చక్రాల మీద తోసే నాణేల ఫోను మంచం దగ్గరికి తెమ్మన్నారు. రెండు రింగులేగా అన్నాను. ఇవాళ కాదమ్మా, ఇవాళ మోగుతూనే ఉండాలన్నారు. ఎవరో టక్కున ఎత్తారు, నాణెం దూర్చేలోపే పెట్టేశారు. మళ్ళీ చేస్తే ఎంగేజ్. 'అయితే మా అల్లుడికి వచ్చేసిందే' అని నవ్వారు."

"నువ్వయినా చెయ్యకపోయావా తల్లీ?"

"చేస్తానంటే వద్దన్నారు. పెద్ద బండి వస్తున్నప్పుడు లైను ఖాళీగా ఉంచాలి, జీవితమంతా నేను చేసిందదే అన్నారు."

మ్యూరియల్ భర్తను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే అతనికి కాస్త తేలికయ్యేదేమో.

లండన్‌లో మంత్రిగారింట్లో ఇప్పుడు మూడో రింగు పడేదాకా ఫోనెవరూ ఎత్తరు. ప్రధాని అయినా సరే ఆగాల్సిందే. డెరిక్ చెయ్యి చాపి, పెళ్ళాం మొహం చూస్తూ నిలబడతాడు. కార్యదర్శులకిది వింతగా ఉంటుంది, ఎవరూ అడగరు.

ఒకరోజు సాయంత్రం ఫోను రెండు రింగులు మోగి ఆగిపోయింది. ఎవరో తప్పు నంబరు కొట్టి ఉంటారు. మ్యూరియల్ మెట్లమీద కూలబడి, "సరే నాన్నా, సరే" అంటూ వెక్కివెక్కి ఏడ్చింది.