నాయన కంప్యూటర్ అడ్రస్

నెట్‌వర్క్ కార్డులను నడిపించే డ్రైవర్ ప్రోగ్రాములు రాయడం నా పని. ఇప్పుడు చేతిలో ఉన్న కార్డుకు కంపెనీ వేయాల్సిన అడ్రస్, అంటే నెట్‌లో కార్డును గుర్తుపట్టే నంబరు, లేదు. ఆన్ చేసినప్పుడల్లా డ్రైవరే కొత్తది పుట్టిస్తుంది. మా పెనుకొండ ఇంటికి నెట్ ఇచ్చే హిందూపురం ఆపరేటరేమో తెలిసిన అడ్రస్ అయితేనే లైన్ వదులుతాడు.

ఈ రోజు మళ్లీ ఫోన్ చేస్తే విసుక్కున్నాడు.

"ఏమప్పా, దినామూ కొత్త కంప్యూటర్ కొంటాండావా? ఒగటే అడ్రస్ పెట్టుకో."

మూలన నాయన కంప్యూటర్ ఉంది. ఆయన పోయాక ఎవరూ ఆన్ చేయలేదు. దాని వెనక స్టిక్కర్ మీదున్న అడ్రస్ ఆపరేటర్ దగ్గర నాయన పేరు మీదే ఉంది; అదే నా కార్డుకు పెట్టాను. వెంటనే నెట్ వచ్చింది.

ఇంకా ఫోన్‌లోనే ఉన్న ఆపరేటర్ తన స్క్రీన్ చూసుకున్నట్టున్నాడు. "ఆ, లైన్లోకి వచ్చినాడప్పా మీ నాయన! కనపడక శానా దినాలాయ. బాగుండాడా?"

"ఆ" అన్నాను. ఏమీ అనిపించలేదు. టీ పెట్టుకుని పనిలో కూర్చున్నాను.

అడ్రస్ కంపెనీదా, పుట్టించిందా, ఇంకో మిషన్‌ది తెచ్చుకున్నదా అన్నది కంప్యూటర్‌ను నడిపే అసలు ప్రోగ్రాముకు, కెర్నెల్‌కు, డ్రైవర్ నిజం చెప్పి తీరాలి. ప్రోగ్రాములో ఆ వాక్యం సరిగ్గానే రాశాను. ఆపరేటర్‌కే నిజం చెప్పలేదు.

పని అయిపోయి చాలాసేపైంది. నా కంప్యూటర్ ఆపితే ఆ స్క్రీన్ మీద నాయన లైన్లోంచి పోతాడు; ఆపడానికి చేతులు రావడం లేదు. మీరైతే ఆపేస్తారా?