ఐలీన్ గారి కుండీలో ఆకు

ఏడేళ్లుగా ఒక గుప్పెడు ఆకు బరువు మోస్తున్నాను. నవ్వకండి. మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

నా కూతురు, అల్లుడు జర్మనీలో, ఎర్లాంగెన్‌లో ఉద్యోగాలు చేస్తారు. మూడు నెలల వీసా మీద మొదటిసారి వచ్చినప్పుడు నాకు అక్షరం ముక్క రాదు. కింది ఇంట్లో ఐలీన్ గారని ఒక పెద్దావిడ ఉండేవారు. ఇంగ్లీషు మాట్లాడతారు కనుక ఇంగ్లీషావిడ అనేదాన్ని. "కాదు, ఐరిష్" అని ప్రతిసారీ దిద్దేవారు. రెండింటికీ ఏం తేడాలే అనుకునేదాన్ని.

మెట్ల కిటికీలో ఆవిడ కుండీ ఉండేది. అందులో ఒత్తుగా, మూడేసి రేకుల చిన్న ఆకు. మా పొలం గట్ల మీద దొరికే పులిచింత కూరే అనుకున్నాను. కలుపును ఎవరైనా కుండీలో పెంచుతారా? వేళ్లతో సహా పీకి పప్పులో వేశాను. పులుపే లేదు. అప్పుడైనా నాకు తెలియవద్దా?

మర్నాడు ఆవిడ తలుపు తట్టారు. కోటు మీద చెయ్యి పెట్టి ఏదో అడిగారు. ఎనిమిదేళ్ల మనవరాలు నాకు తెలుగులో చెప్పింది.

"అమ్మమ్మా, అది వాళ్లమ్మ సమాధి కాడి మొక్కనంట. రేపు వాళ్ల పండుగంట, కోటుకు పెట్టుకుంటరంట. వాళ్ల అమ్మమ్మ భాష ఈమెకు రాదంట, ఐరిష్ అని చెప్పుకోను ఇదొక్కటే మిగిలిందంట. నువ్వు చూసినవా అని అడుగుతుంది."

"చూడలేదని చెప్పు."

"నిన్న నువ్వే పీకినవ్ గద! పప్పుల..."

"చెప్పమన్న గదనే!"

పిల్ల నా ముఖం చూసింది. ఆవిడ ముఖం చూసింది. "నో" అంది. ఐలీన్ గారు పిల్ల తల నిమిరి వెళ్లిపోయారు. ఆ తర్వాత మనవరాలు వాళ్లింటికి ఆడుకోవడానికి మళ్లీ వెళ్లలేదు.

ఎందుకు ఒప్పుకోలేదు? నాకు తెలిసిన ఒకే ఒక చదువు ఆకులది. అందులోనూ తప్పానని చెప్పడానికి సిగ్గుపడి, ఆ అబద్ధాన్ని పసిదాని నోట పెట్టాను.

మా ఊరు తిరిగి వెళ్లాక ఫోన్‌లో మనవరాలితో పాటే తెలుగు అక్షరాలు దిద్దాను. ఈసారి వచ్చేసరికి వీధి తలుపు దగ్గర, కాలింగ్ బెల్లుల పక్కన రాసి ఉండే పేర్లలో ఆవిడ పేరు లేదని కూతురు చెప్పింది. వృద్ధాశ్రమానికి వెళ్లారట. వెతికితే దొరికేవారేమో. వెతకలేదు.

ఆవిడకు తెలుగు రాదు. తెలిసే రాస్తున్నాను. మనవరాలికి వచ్చు, చదివితే చదవనీ.

ఆకు పీకింది నేను. లేదన్నదీ నేనే, పిల్ల కాదు.