హబ్బు మీద బొట్టు

మొన్న మా అబ్బాయి కొత్త బండి పూజలో తడి కుంకుమ వాసనకి మా పాత జీపు గుర్తొచ్చింది.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ముందు చక్రాల ఇరుసు ఊరికే తిరిగి ఆయిలు తాగేస్తోందని నాన్న రాజమండ్రిలో జీపుకి లాకింగ్ హబ్బులు వేయించారు. బురదలో నాలుగు చక్రాలూ లాగాలంటే, ముందు చక్రాల మధ్యనున్న ఆ గుండ్రటి మూతల్ని చేత్తో 'లాక్' గుర్తుకి తిప్పాలి. కొత్త వస్తువని అమ్మ రెండింటికీ గుర్తులు కప్పేసేంత బొట్లు పెట్టింది.

ఆ వారమే తాతయ్యకి గుండెనొప్పి వచ్చింది. వానలో ఆస్పత్రికి బయల్దేరితే కాలవగట్టు మీద జీపు దిగబడింది. ఎంత లాగినా వెనక చక్రాలే తిరుగుతున్నాయి.

"హబ్బులు తిప్పేరా అండీ?" అంది అమ్మ. తాతయ్య తల ఆమె ఒళ్ళో ఉంది.

"మెకానిక్ లాకులో పెట్టే ఇచ్చేడు," అన్నారు నాన్న. అయినా దిగి చూశారు. అలాంటి వేళ బొట్టు చెరపడం అశుభమని ముట్టుకోకుండా వచ్చేశారు.

చాలాసేపటికి వానకి కుంకుమ కరిగి గుర్తు బయటపడింది. లాకులో లేదు. నాన్న రెండూ తిప్పగానే జీపు ఒక్క ఊపున పైకొచ్చింది. నేను చప్పట్లు కొట్టాను.

"ఇంక ఇంటికి పోనివ్వండి," అంది అమ్మ.

ఆ దసరాకి అమ్మ జీపుకి బొట్టు పెట్టలేదు. మైల కదా అనుకున్నాను. మరుసటేడూ పెట్టలేదు. జీపు అమ్మేసేదాకా నాన్నే పెట్టేవారు, ముందు అద్దం మీద, చిన్నది.