నాలుగు టైర్లకు పసుపు

మా వీధి చివరి టిఫిన్ సెంటరు మీద నాకో ఫిర్యాదు ఉంది. ఇడ్లీ బాగుంటుంది. అల్లం చట్నీ ఇంకా బాగుంటుంది. కానీ ఆ చట్నీని కవరులో పోసి మూతికి వేసే ముడి మాత్రం మనుషులు విప్పడానికి వేసింది కాదు. గోళ్ళతో రాదు, పళ్ళతో రాదు, కత్తెర పెడితే చట్నీ గోడ మీదికి వెళుతుంది. ముడి వేసే ఆయన్ని ఒకసారి అడిగాను. "కారకూడదు కదండీ," అన్నాడు. నిజమే. ఇప్పటిదాకా ఒక్క చుక్క కారలేదు.

నిరుడు ఆషాఢంలో ఒక ఉదయం నేను ఆ ముడిని కొరుకుతూ ఉండగా మా ఆవిడ ఫోన్ చేసింది.

"ఏమండీ, నాకేం కాలేదు," అంది.

మా ఇంట్లో మాట అలా మొదలైతే ఏదో అయిందని అర్థం.

ఆవిడ రేపల్లెలో టీచరు. అక్కడికి బదిలీ అయినప్పుడు, నలభై నాలుగో ఏట, డ్రైవింగ్ నేర్చుకుంది. నేర్పింది నేను కాదు కనుక బాగానే నేర్చుకుంది. తెనాలి నుంచి రోజూ తనే నడుపుకుంటూ వెళ్ళొచ్చేది. వాళ్ళ స్కూల్లో కారు నడుపుకొచ్చే ఆడవాళ్ళలో తనొక్కతే. ఆ సంగతి ఎప్పుడూ చెప్పుకోదు. ఎవరైనా చెబితే మాత్రం అడ్డు చెప్పదు.

మా వైపు ఆషాఢంలో పొలాల్లో దమ్ములు మొదలవుతాయి. బురదను కలియదున్నే ఇనుప చక్రాలతోనే ట్రాక్టర్లు ఈ చేలోంచి ఆ చేలోకి తారురోడ్డు దాటేస్తాయి. దాటిన చోట నల్లమట్టి ముద్దలు ముద్దలుగా వదిలిపోతాయి. దాని మీద నాలుగు చినుకులు పడ్డాయంటే ఇక అది రోడ్డు కాదు, తడిసిన సబ్బు. ఆ రోజు భట్టిప్రోలు దాటాక కాలవ పక్కన అలాంటి చోట మా ఆవిడ బ్రేకు వేసింది. బ్రేకు పడింది కానీ కారు ఆగలేదు. అడ్డం తిరిగి, జారుకుంటూ పోయి, గట్టు అంచున గడ్డిలో నిలబడింది. ముందు చక్రానికీ కాలవకూ మధ్య జానెడు నేల ఉందట.

"భయపడమాకక్కా, కాలవ లోతు లేదులే," అని ట్రాక్టరాయన ధైర్యం చెప్పాడట.

మర్నాటి నుంచి ఆవిడ రైల్లో వెళ్ళడం మొదలుపెట్టింది. రైలు టైముకీ స్కూలు టైముకీ పొత్తు లేదు. గంటన్నర ముందు బయలుదేరి గంటన్నర ఆలస్యంగా వచ్చేది. కారు తాళం మేకుకి వేలాడుతూనే ఉంది. వారం తర్వాత, పప్పులో పోపు పెడుతూ, "కారు అమ్మేద్దామండీ. డ్రైవింగ్ నా వల్ల కాదు," అంది. ఆవిడ నోటి వెంట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. ఇరవై ఏళ్ళుగా నా వల్ల కాని పనుల జాబితా మాత్రం చాలాసార్లు విన్నాను.

నేను ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తాను. గుద్దుకున్న కార్ల ఫోటోలు చూసి, "టైర్లు చూడు ఎలా ఉన్నాయో, మనుషులకి బుద్ధి లేదు," అని తల పంకించడం నా ఉద్యోగంలో భాగం. ఆ సాయంత్రం మా కారు పక్కన వంగి చూశాను. నాలుగూ గుండు. గాట్లు ఉండాల్సిన చోట గాట్ల జ్ఞాపకం ఉంది.

చదువుకున్నవాణ్ణి కనుక వెంటనే షాపుకి వెళ్ళలేదు. మూడు రోజులు మధ్యాహ్నం భోజనం వేళ ఫోన్లో టైర్ల గురించి చదివాను. ఎండాకాలం టైర్లు, శీతాకాలం టైర్లు, అన్ని కాలాల టైర్లు అని మూడు జాతులు ఉన్నాయి. శీతాకాలం టైర్ల రబ్బరు చలికి గట్టిపడదట, గాట్లు మంచును పట్టుకుంటాయట. చాలా ముచ్చటేసింది. తెనాలిలో శీతాకాలమంటే మార్గశిరంలో రెండు తెల్లవారుజాములు, మా పాలాయన మంకీ క్యాపు. ఆలోచించి అన్ని కాలాల టైర్లకు దిగాను.

మాకు తెలిసిన టైర్ల షాపు సాయిబుగారిది. ఆయనా తమ్ముడూ కలిసి నడుపుతారు. నాకూ ఆయనకూ 'భాయ్', 'సార్' వరస. కాలవ గట్టు సంగతి ముందే ఫోన్లో చెప్పి, మా ఆవిడని కూడా కారెక్కించుకుని వెళ్ళాను.

"ఆల్ సీజన్ టైర్లున్నాయా భాయ్?" అన్నాను, మూడు రోజుల చదువు వినిపించేలా.

"మనకి సీజన్లు ఎక్కడున్నాయి సార్? ఎండ, వాన, పెళ్ళిళ్ళు," అన్నాడు. పాత టైరు మీద అరచేత్తో ఒకసారి నిమిరి మా ఆవిడ వైపు తిరిగాడు. "ఈ టైర్ల మీద గట్టు దగ్గర ఆపారంటే మీరు బాగా నడుపుతారమ్మా. వేరేవాళ్ళయితే కాలవలో ఉండేవాళ్ళు."

అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడ్డ మా ఆవిడ లోపలికొచ్చి కుర్చీలో కూర్చుంది.

భాయ్ ఒక టైరు దింపి చూపించాడు. గాట్లు ఈత మట్టలా మధ్య నుంచి రెండు పక్కలకీ వాలి ఉన్నాయి. నీళ్ళనూ బురదనూ పక్కలకి తోసేస్తాయట. పక్క గోడ మీద బాణం గుర్తు ఉంది. చక్రం ఆ బాణం వైపే దొర్లాలి. ఎడమది కుడికి వేస్తే తిరగబడి, నీళ్ళను బయటికి తోయడం మానేసి లోపలికి లాక్కుంటుంది. "ఆదివారం రండి, వేసేస్తా," అన్నాడు.

ఆదివారం మాతోపాటు మా అత్తగారు కూడా వచ్చారు. బాపట్లలో ఉంటారు. కూతురు కాలవ అంచుదాకా వెళ్ళిందని తెలిసి చూడ్డానికొచ్చారు. ఆషాఢంలో కొత్త వస్తువులు కొనకూడదు కానీ పాత కారుకి వైద్యం చేయించవచ్చని ఆవిడే తీర్పిచ్చారు. చేతిలో పసుపు గిన్నె, కుంకుమ భరిణె, నాలుగు నిమ్మకాయలు.

భాయ్ తమ్ముడు కొత్త టైర్లను చక్రాలకు ఎక్కించి, గాలి పట్టి, ఎడమ ఏదో కుడి ఏదో సుద్దముక్కతో రాసి గోడకి ఆనించాడు. అప్పుడు మా అత్తగారు రంగంలోకి దిగారు.

"వీటన్నిటినీ తూర్పు ముఖంగా పెట్టు నాయనా."

"చక్రానికి ముఖం ఎటమ్మా?" అన్నాడు తమ్ముడు.

"నువ్వు పెట్టు, అదే తెలుస్తుంది."

పెట్టాడు. ఆవిడ నాలుగు చక్రాలకూ గడపకి పూసినట్టు నిండా పసుపు పూసి బొట్లు పెట్టారు. సుద్దరాతలు పోయాయి. బాణాలు పోయాయి. టైర్లు పెళ్ళికూతుళ్ళలా తయారయ్యాయి.

"నాలుగున్నరకి రాహుకాలం. ఈలోపు కారు కదలాలి సాయిబుగారూ!"

"కదిలిస్తామమ్మా," అని భాయ్ తమ్ముడికి ఉర్దూలో ఏదో చెప్పాడు. భాష తెలియకపోయినా కంగారు అర్థమైంది. నాలుగు ఇరవై ఎనిమిదికి నిమ్మకాయలు నలిగాయి.

అత్తగారిని దింపడానికి నేను బాపట్ల బయలుదేరాను. మా ఆవిడ వెనక సీట్లో కూర్చుంది. పొన్నూరు దాటాక గట్టి వాన పట్టుకుంది. నీళ్ళు నిలిచిన చోటల్లా స్టీరింగు నా చేతిలో తేలినట్టయింది. కొత్త టైర్లు కదా, మొహమాటపడుతున్నాయనుకున్నాను.

బాపట్లలో దిగేసరికి వానకి పసుపంతా కడుక్కుపోయింది. మా ఆవిడ గొడుగు పట్టుకుని కారు చుట్టూ ఒకసారి నడిచింది. ముందు వంగింది, వెనక వంగింది.

"ఏమండీ, వెనక బాణాలు ఇంట్లోకి వెళ్ళమంటున్నాయి. ముందు బాణాలు తెనాలి పొమ్మంటున్నాయి," అంది.

ముందు చక్రాలు రెండూ కుడి ఎడమలు మారిపోయాయి. నలభై కిలోమీటర్లు నేను నడిపాను, నాకు తెలియలేదు. ఆవిడకి చూడగానే తెలిసింది. ఆ మాట నేనే పైకి అన్నాను. ఆవిడ మొహం కాస్త తేటపడింది.

"పసుపు పెట్టిన చక్రం ఎటు తిరిగినా మంచిదే," అన్నారు అత్తగారు, కాళ్ళు కడుక్కుంటూ.

సోమవారం భాయ్ చూసి నాలిక కరుచుకున్నాడు. "పెద్దావిడ పెట్టిన పసుపు కదా సార్, తుడవడానికి చెయ్యి రాలేదు. తప్పు నాదే," అన్నాడు. చక్రాలు మార్చి, నాలుగు బాణాలూ మా ఆవిడకి వేలు పెట్టి చూపించాడు. నాకు చూపించలేదు.

మంగళవారం పొద్దున తుంపర మొదలైంది. ఆవిడ రైలుకి వెళ్ళలేదు. టిఫిన్ తిని, మేకు దగ్గర కాసేపు నిలబడి, తాళం తీసుకుంది. నేను ఆఫీసుకి సెలవు పెట్టి పక్కన కూర్చున్నాను. రమ్మని ఆవిడ అడగలేదు. వద్దని కూడా అనలేదు.

భట్టిప్రోలు వచ్చింది. దాటాక కాలవ పక్కన రోడ్డు నల్లగా మెరుస్తోంది. అప్పుడే దాటినట్టుంది, ట్రాక్టరు ఇంకా గట్టు దిగుతోంది. ఎదురుగా ఒక గేదె తీరిగ్గా రోడ్డెక్కింది. ఆవిడ బ్రేకు వేసింది. నేను డ్యాష్‌బోర్డు పట్టుకున్నాను. కారు కాస్త ఊగి, బురదని రెండు పక్కలకీ చిమ్మి, సూటిగా వెళ్ళి సూటిగా ఆగింది. గేదె మమ్మల్ని ఓసారి చూసి తన పని మీద తను వెళ్ళింది.

ఆవిడ ఊపిరి వదిలింది. స్టీరింగు మీద వేళ్ళు ఒక్కొక్కటీ వదులయ్యాయి. గేరు మార్చింది. కారు కదిలింది.

నాకు నోరు ఊరుకోదు. "చూశావా, ఎలాంటి టైర్లు ఎంచానో!" అన్నాను.

"ఈ రోడ్డు మీద రోజూ వెళ్ళేది మీరైతే పోయినేడాదే ఎంచేవాళ్ళు," అంది.